తలెత్తని మనిషి

నలభై ఒకటో కాలరును సూది కిందికి తోస్తుండగా ఆమె కుడి భుజంలో రోజూ పలికే నరం పలికింది. పొద్దున్న పది కూడా కాలేదు. వంచిన తల వంచినట్టే ఉంచి, బరువును ఎడమ భుజం మీదికి మార్చుకుంది. నొప్పి కూడా ఆమెతోపాటే అటు జరిగింది.

చొక్కాలు కుట్టే ఆ షెడ్డులో అరవై మిషన్లు. ఒకరివి చేతులు, ఒకరివి జేబులు, ఒకరివి గుండీలు. ఇరవై ఒక్క ఏళ్లుగా ఈమెవి కాలర్లు. ఎంతమంది మెడలకో పట్టీ కుట్టిన మనిషి తన మెడ మాత్రం తిప్పలేదు. ఎవరైనా పిలిస్తే నడుము దగ్గర్నుంచి తలుపులా మొత్తం తిరుగుతుంది. అందుకే పక్క మిషను మీద జేబులు కుట్టే ఆవిడ ఈమెకు ‘తలుపక్క’ అని పేరు పెట్టింది.

ఇంకో పేరు కూడా ఉంది: తలెత్తని మనిషి. అది పొగడ్త. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు పదిమందిలో అన్న మాట. తర్వాత సూపర్‌వైజరు అందుకున్నాడు. ఆ మాట నిలబెట్టుకోవడానికే సగం మెడ అరిగిపోయింది.

పోయిన వారం ఆసుపత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి ఆమె మెడ నొక్కి చూసింది.

"ఇక్కడ నరం నలుగుతోందమ్మా. అరగంటకోసారి తలెత్తండి. గడ్డం వెనక్కి లాగి, భుజాలు మెల్లగా తిప్పండి. స్టూలు ఎత్తు సరిచేయించుకోండి. వేళ్లు తిమ్మిరెక్కితే మాత్రం పని ఆపేసి వెంటనే రండి."

"తలెత్తితే ఊరుకోరమ్మా."

ఆ అమ్మాయి హాస్యమనుకుని నవ్వింది.

తలెత్తితే సూపర్‌వైజరు కళ్లలో పడుతుంది. పడితే, "ఓపిక తగ్గిందా అక్కా? అమ్మాయిని పంపరాదూ," అంటాడు. ఆ షెడ్డులో తల్లి సీటు కూతురికి రావడం ఆనవాయితీ. అందరూ అదృష్టమనే అంటారు. ఆమె కూతురు నర్సు చదువులో రెండో ఏడాది. "కూర్చోడానికి సీటుండగా చదువెందుకు?" అని భర్త రోజూ సణుగుతాడు. చదువు పూర్తయ్యేదాకా సీటు వదలకూడదు, నొప్పి సంగతి ఇంట్లో పొక్కకూడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకని భుజాలు తిప్పే పనేదో మరుగుదొడ్డిలో గడియ వేసుకుని, దొంగతనంలా చేసుకునేది.

మధ్యాహ్నం తిండి తర్వాత వేళ్లు తిమ్మిరెక్కాయి. పని ఆపలేదు. తెల్ల కాలరు మీద ఎర్రగా ఏదో కనిపిస్తే, ఎర్ర దారం ఎక్కడిది చెప్మా అనుకుంది.

"తలుపక్కా! నీ వేలే!" జేబులావిడ కేక పెట్టింది.

సూది చూపుడువేలి గోట్లోంచి దిగిపోయి ఉంది. ఆమెకు ఏమీ తెలియలేదు. ఇన్నేళ్లూ తిట్టుకున్న నొప్పి ఇప్పుడు కావాల్సిన చోట లేకపోయేసరికి ఆమెకు ఒళ్లంతా భయం పట్టుకుంది.

సూపర్‌వైజరే చక్రం తిప్పి సూది పైకి లేపాడు, గుడ్డ చుట్టాడు. చెడ్డవాడేం కాదు.

"ఇక చాలక్కా. ఆ కత్తెర తీసుకెళ్లి అమ్మాయి మెళ్లో వెయ్యి. రేపట్నుంచి తనొస్తుంది."

దారాలు తెంపే చిన్న కత్తెర అక్కడ అందరి మెళ్లోనూ తాడుతో వేలాడుతుంది. మానేసే తల్లి దాన్ని కూతురికి ఇవ్వడం అక్కడి మర్యాద.

ఆమె తలెత్తింది. మెడ కటకటలాడింది. సూపర్‌వైజరు గడ్డం నెరిసిందని అప్పుడే చూసింది.

"నా కూతురు రాదు సార్. ఇది నా మెడతోనే సరి."

"మీ ఆయన ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకోడు. ఇంటికెళ్లి ఆ సంగతే తేల్చుకుంటా."

కుడిచెయ్యి పైకి లేవకపోతే, జేబులావిడే కత్తెర తాడును ఆమె తల మీదుగా తీసి బల్ల మీద పెట్టింది. ఆమె నడిచి వెళ్లిపోయింది. వెనక్కి చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి, అందుకని చూడలేదు.

మిషన్ల చప్పుడు మళ్లీ మొదలైంది. బల్ల మీద కత్తెర ఉండిపోయింది, దాని తాడు ఇంకా మెడ చుట్టూ ఉన్నట్టే వంగి, ముడి దగ్గర చెమటకు నల్లబడి.