పాత పట్టీ

మొదట అతని చేతిలో ఉన్న సరుకు ఇదీ: నాలుగు రోడ్ల మూల మీద ఒక చెప్పుల షాపు, దాని వెనక రెండు గదుల ఇల్లు, ఏ మాటనూ ఊరికే నమ్మని భార్య, మతిమరుపు జబ్బు చేసిన అక్క. మనుషుల్ని సరుకులో కలిపేస్తాడని భార్య మండిపడేది గానీ, అతనికి ఏదైనా లెక్కలోకి వస్తేనే అర్థమయ్యేది. అక్కే అతన్ని పెంచింది. షాపు పెట్టిందీ, బేరం నేర్పిందీ ఆవిడే. ఇప్పుడు మధ్యాహ్నం తిన్నదీ లేనిదీ చెప్పలేకపోయినా, గల్లాపెట్టె పక్కన కుర్చీలో కూర్చుని వచ్చేవాళ్ళ పాదాలకేసి చూస్తూ ఉండేది.

జబ్బు పేరు అల్జీమర్స్ అని డాక్టరమ్మ చెప్పింది. ముందు మాత్రలు రాసింది. అక్క వాటిని బుగ్గన పెట్టుకుని, ఎవరూ చూడనప్పుడు చెప్పుల డబ్బాల్లో ఉమ్మేసేది. ఒకాయన జోడు కొనుక్కుని వెళ్ళి మళ్ళీ వచ్చాడు.

"ఏం సేటూ, చెప్పులకి మాత్ర ఉచితమా? పొద్దున వేసుకోవాలా, రాత్రా?"

అలా నవ్వులపాలయ్యాక డాక్టరమ్మ మాత్రలు మాన్పించి, ఒంటికి అంటించే మందు పట్టీలు ఇచ్చింది. "రోజుకొకటి. వీపు మీదో, భుజం మీదో, రోజూ చోటు మార్చి అంటించండి. పాతది తీసేశాకే కొత్తది."

అతనికి ఒక సందేహం వచ్చింది. "తీసేసే పట్టీలో ఇంకా మందు మిగులుతుందాండీ?"

"కొంత ఉంటుంది. అందుకే జాగ్రత్తగా మడిచి పారెయ్యమంటున్నాం."

మిగులుతుందన్న మాట అతని బుర్రలో తిష్ఠ వేసింది. మిగిలినదాన్ని పారేసే వ్యాపారి ఎక్కడైనా ఉంటాడా? పైగా అతని షాపులో ధర మారితే పాత చీటీ పీకే అలవాటే లేదు. పీకితే డబ్బా మీది రంగు కాగితం చిరుగుతుంది. కొత్త చీటీ అంటిస్తారు, పాతది అక్కడే ఉంటుంది. అక్క నేర్పిన పద్ధతే అది.

భార్య అక్కకి స్నానం చేయిస్తూ కేకేసింది. "ఏమండీ, వదిన వీపు మీద నిన్నటిది అలాగే ఉంది. తీసెయ్యనా?"

"ముట్టుకోకు. ముసలి తోలు, పట్టీతో పాటే లేచొస్తుంది. ఎండితే అదే రాలుతుందిలే."

"డాక్టరమ్మ తియ్యమన్నట్టుందే?"

"డాక్టర్లకేం, కొత్తవి రాస్తారు. ఉన్న మందు ఒంట్లోకి పోతే చెడ్డా?"

"మీ లెక్కలు మీవి," అని ఆవిడ పట్టీ తడవకుండా చుట్టూ నీళ్ళు పోసింది.

ఆ తర్వాత అక్క కంచం దగ్గర మొహం తిప్పుకోవడం మొదలెట్టింది. తిన్న రెండు ముద్దలూ కక్కింది. నిలబడితే తూలింది. వయసు అనుకున్నాడు, ఎండ అనుకున్నాడు, ఏదో పడలేదనుకున్నాడు. అనుకున్నవేవీ అతన్ని కుదుటపడనీయలేదు. షాపులోంచి గదిలోకి, గదిలోంచి షాపులోకి కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఒకావిడకి రెండూ ఎడమ కాలి చెప్పులే కట్టిచ్చాడు. ఆవిడ తిరిగొచ్చి డబ్బా బల్ల మీద కొట్టినట్టు పెట్టినా అతని కళ్ళు అక్క మీదే ఉన్నాయి.

ఆవిడ చూస్తుండగానే అక్క కుర్చీలోంచి లేచి, రెండడుగులు వేసి, అరల మధ్య కుప్పకూలింది.

అతను పరుగున వెళ్ళి లేవదీస్తుంటే రవిక చెయ్యి పైకి జరిగింది. భుజం మీద ఒక పట్టీ. వెనక్కి తడిమితే వీపు మీద ఒకటి, దానికి కాస్త దిగువన మరొకటి. భార్య బండి పిలవడానికి వీధిలోకి ఉరికిన సందులో మూడూ పీకేసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఎందుకు దాచాడంటే చెప్పలేడు. బేరంలో తన సరుకు లోపం తానే ముందు చెప్పకూడదన్నది నలభై ఏళ్ళుగా ఒంటబట్టిన బుద్ధి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నాడి పట్టుకుని భృకుటి ముడిచింది. గుండె కొట్టుకునే గీతలు కాగితం మీద దూరం దూరంగా పడుతున్నాయి.

"గుండె బాగా నెమ్మదించింది. పట్టీ ఒకటే కదా అంటిస్తున్నారు?"

"ఒకటేనండీ. ఇవాళ్టిది ఇప్పుడే తీసేశాను."

అబద్ధం కాదు. సగం తూకం.

"ఒక్క పట్టీకి ఇంత మందగించదే. అయితే గుండెలోనే ఏదో ఉండాలి. గుండె డాక్టర్ని పిలుస్తాను. లోపల మిషన్ పెట్టాల్సి రావచ్చు. ఎలాగూ ఈ మందు ఇక మీ అక్కకి కుదరదు."

అతను వరండాలోకి వచ్చాడు. కూర్చున్నాడు, లేచాడు, నీళ్ళ కుళాయి దాకా వెళ్ళి తాగకుండానే వచ్చాడు. నోరు విప్పకపోతే అక్క గుండె కోస్తారు. ఉన్న కాస్త తెలివినీ పట్టి ఉంచే మందు కూడా పోతుంది. విప్పితే, కన్నతల్లిలా పెంచిన మనిషికి చేతులారా విషం పెట్టినవాడవుతాడు.

"ఆ గుప్పిట్లో ఏంటండీ?" అంది భార్య.

"ఏం లేదు."

"ఏం లేనిదానికి అంత బిగింపెందుకు?"

అతను వెనక్కి తిరిగాడు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, డాక్టరమ్మ బల్ల మీద గుప్పిలి తెరిచాడు. ముద్దగా చుట్టుకుపోయిన పట్టీలు అరచేతికే అంటుకుని ఉన్నాయి.

"మూడున్నాయమ్మా ఒంటి మీద. తెలిసే ఉంచాను. మిగిలిన మందు వృథా ఎందుకని."

డాక్టరమ్మ గది మూలనున్న కుళాయి చూపించింది. "ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ చేత్తో కళ్ళు తుడుచుకోకండి, ఆ మందు మీ ఒంట్లోకీ పోతుంది." తర్వాత నర్సుని కేకేసింది. "ఆవిడ వీపూ భుజాలూ నీళ్ళతో కడుగు. ఇంకెక్కడైనా ఉన్నాయేమో చూడు."

అతని షాపులోనే చెప్పులు కొనే నర్సు అతనికేసి చూసింది. "ఏం బాబాయ్, అక్కకి ఎన్నిసార్లు ధర మార్చావేంటి?"

అతనికి నవ్వు రాలేదు. వెనక నుంచి భార్య గొంతు మాత్రం వినబడింది. "నేను తీస్తానన్నాను. ఇంకోసారి గట్టిగా అనాల్సింది."

"మీ ఇద్దరి పంచాయతీ తర్వాత," అంది డాక్టరమ్మ. "ఇప్పుడు చెప్పారు గనక సరిపోయింది. చెప్పకపోతే లేని గుండెజబ్బుకి వైద్యం చేసేవాళ్ళం. పట్టీలు తీసినా మందు ఒంట్లో కొంతసేపు ఉంటుంది. ఇక్కడే పెట్టుకుని చూస్తాం."

గీతలు మెల్లమెల్లగా దగ్గరపడ్డాయి. అక్కని ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ పట్టీలు ఆపమంది. కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ చూసి, అన్నిటికన్నా తక్కువ మోతాదుతో మొదట్నించి మొదలెట్టించింది. మధ్యలో మందు ఆగితే పాత మోతాదు సొంతంగా అంటించొద్దనీ, తనకి ఫోన్ చెయ్యమనీ భార్యాభర్తలిద్దరి చేతా తిరిగి చెప్పించుకుంది.

ఇప్పుడు పొద్దున్నే అక్క రవిక చెయ్యిని భార్య ఎత్తి పట్టుకుంటుంది. అతను పాత పట్టీ తీసి, జిగురు లోపలికి పోయేలా మడిచి, మూత డబ్బాలో వేసి, చేతులు కడుక్కుని, వేరే చోట కొత్తది అంటిస్తాడు. అక్క విసుక్కుంటుంది.

"ఒరేయ్, నన్ను పార్శిలు కట్టి ఎవరికి పంపుతున్నావురా?"

"ఎవరు పుచ్చుకుంటారు వదినా నిన్ను, మాకు తప్పదు గానీ," అంటుంది మరదలు.

ఆఖరి లెక్క తీస్తే ఇదీ: అక్క మర్చిపోయినవి తిరిగి రాలేదు. వస్తాయని డాక్టరమ్మ కూడా అనలేదు, తరుగు కాస్త నెమ్మదిస్తే గొప్ప అంది. అతని నిద్ర పోయింది. బేరం మధ్యలో లేచి వెళ్ళి అక్క భుజం ఒకసారి చూసి వస్తాడు, వచ్చి కూర్చున్నాక మళ్ళీ లేస్తాడు. అది ఖర్చు రాసుకున్నాడు. రాబడి కింద రాసింది ఒకటే: నిన్న మధ్యాహ్నం అక్క కంచం ఖాళీ చేసి, ఇంకో ముద్ద పెట్టలేదని మరదలితో గంటసేపు పోట్లాడింది.