దిగుడులో ఇంజనుకు విశ్రాంతి

నేను ఒక చిన్న కారు ముందు చక్రంలో, ఆ కారుకు ఉద్దేశించిన కొలతకన్నా పెద్ద కొలతతో అమరిన బ్రేకు డిస్కును. అవతలి చక్రంలో నాకొక జోడు ఉండేది. ఒకే పోతలో పుట్టినా బండిలో మేమెన్నడూ ఒకరినొకరు చూసుకోలేదు, మధ్యలో ఇంజను అడ్డం. నన్ను పనిలో పెట్టినవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే కథ నడుస్తున్నకొద్దీ మీరు ఒక దుర్మార్గుణ్ణి వెతుకుతారు. దొరకడు.

అరిగిపోయిన చెరకు గానుగ రోళ్ళు, విరిగిన కుట్టుమిషను చక్రాలు, ఎవరో పారేసిన తూకపు రాళ్ళు కలిపి కరిగించిన కొలిమిలో నా పుట్టుక. ఇసుక అచ్చులో చల్లారాక లేతు మీద తిప్పి నునుపు చేశారు. నేను ఒక్క పలకను కాను. రెండు పలకలు, నడుమ గాలి ఆడే సందులు. వేగాన్ని వేడిగా మార్చడం, ఆ వేడిని గాలికి అప్పగించడం, ఇంతే నా విద్య. బండి ఆగితే వేగం మాయమైందని మనుషులు అనుకుంటారు. ఏదీ మాయం కాదు. అది ఎక్కడికో ఒకచోటికి వెళ్ళవలసిందే.

నా మొదటి యజమాని విశాఖలో ఓడరేవు కొలువు నుంచి విరమించిన పెద్దమనిషి. స్పీడ్ బ్రేకరు ఉన్నచోటా, ఉండవచ్చునని ఆయనకు అనిపించిన చోటా మేము ఆగేవాళ్ళం. నాలుగేళ్ళలో నా ముఖం మీద ఒక్క చార పడలేదు. ఒక తుపాను రోజున బాదం చెట్టు ఆయన పెద్ద కారు వెనుక సగం మీద కూలింది. మిగిలిన ముందు సగం విడిభాగాలుగా విడిపోయింది. నేను, నా జోడు పాడేరు ఘాటు రోడ్డు నెత్తిన, దిగుడు మొదలయ్యేచోట, మెకానిక్ జిలానీ రేకుల షెడ్డుకు చేరాము.

అక్కడికే లోవరాజు వచ్చాడు. పాడేరులో కాపురం, పాత చిన్న కారులో మనుషులనూ అల్లం బస్తాలనూ తోలడం జీవనం. భార్య నూకరత్నానికి మూత్రపిండాలు రెండూ చెడిపోయాయి. వారానికి రెండుసార్లు ఆమెను ఘాటు దించి, పట్నంలో రక్తం శుద్ధి చేయించి, మళ్ళీ ఎక్కించాలి. బస్సులో నిలబడే ఓపిక ఆమెకు లేదు. కనుక ఆమె ప్రాణం ఆ కారు మీద ఉంది; ఆ కారు ప్రాణం బ్రేకుల మీద ఉంది.

లోవరాజుకు బండి నేర్పిన పాత లారీ డ్రైవరు ఒక ధర్మం కూడా నేర్పాడు: ఎక్కుడంతా మోసిన ఇంజనును దిగుడులో పడుకోనివ్వాలి. కొండ నెత్తికి చేరగానే లోవరాజు తాళం తిప్పి ఇంజను ఆపేవాడు. గేరు తీసేవాడు. ఒక్కసారి చేత్తో డాష్‌బోర్డును నిమిరేవాడు. ఆ ఘాటు మీద చాలామందికి ఇది పొదుపు కాదు, మర్యాద. ఫలితంగా బరువంతా బ్రేకుల మీద పడేది. సగం దిగేసరికి పాత డిస్కులు మాడి ఘాటైన కంపు కొట్టేవి. అప్పుడు కల్వర్టు దగ్గర అరగంట ఆగేవారు. రత్నం వాంతి ఆపుకుంటూ రాతి మీద కూర్చునేది.

"ఆ కంపొస్తే బండి కాదు మావా, మనమే కాలిపోతన్నట్టుంటాది," అంది ఒకనాడు. ఆ మాట మీదే జిలానీ దగ్గరికి వచ్చారు.

"జిలానీ, బ్రేకులు మాడిపోతన్నాయిరా. పెద్దబండివి ఎయ్యి దీనికి," అన్నాడు లోవరాజు.

"ఏస్తాను నాయుడన్నా. చక్రాలూ పెద్దవి ఎయ్యాలి, డిస్కుని పట్టే కాలిపర్ పట్టీ ముక్కా మార్చాలి. అదంతా నా పని. నువ్వు మాత్రం దిగీటప్పుడు గేరులో దించరాదా? సగం బరువు ఇంజనే పట్టుకుంటాది."

"ఎక్కీటప్పుడు దాని పేనం తోడీసి, దిగీటప్పుడు కూడా దాన్నే పట్టుకోమంటావేటి? ఎద్దుకైనా ఆ మాత్రం జాలి సూపించమా?"

రత్నం సీటులోంచే అంది: "మా అయ్య ఎడ్లబండి తోలీవోడు తమ్ముడూ. దిగుడులోనే ఎడ్లకి కట్టం ఎక్కువ, బరువంతా మెడ మీదకొచ్చెస్తాది అనీవోడు."

"నువ్వూరుకోయే. ఎడ్లకీ ఇంజనుకీ సమ్మందమేటి?"

ఆ సంబంధం కలిపింది ఒక్క నిమిషం క్రితం తానేనని ఆయనకు తోచలేదు. మిగిలిన ఇద్దరికీ తోచి నవ్వారు. చివరికి ఆయనా నవ్వాడు. ఆ నవ్వులో అసలు మాట కొట్టుకుపోయింది.

నన్ను బిగించారు. మొదటి దిగుడులోనే కంపు రాలేదు. కంపు లేదు కనుక కల్వర్టు దగ్గర ఆగవలసిన పని లేకపోయింది. ఆగడం లేదు కనుక రత్నానికి వాంతి రాలేదు. నాలుగోసారి దిగేటప్పుడు ఆమె నిద్రపోయింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆ ఘాటు మీద ఆమె కన్ను మూయడం అదే మొదలని లోవరాజు జిలానీకి చెప్పాడు.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి. ఆమె నిద్ర చెడకూడదని ఆయన బ్రేకును గట్టిగా నొక్కి వదలడం మానేశాడు. మెత్తగా, ఎడతెగకుండా, మలుపు తరువాత మలుపు నొక్కిపెట్టే ఉంచేవాడు. నొక్కి వదిలితే వదిలిన క్షణంలో నాకు ఊపిరి ఆడుతుంది. ఎడతెగని మెత్తదనం నన్ను ఊపిరి తీయనివ్వదు. నేను పెద్దదాన్ని కనుక మాడకుండా ఎక్కువ వేడిని మోశాను. మాడలేదు కనుక హెచ్చరించలేకపోయాను. పోయింది కంపు మాత్రమే, వేడి పోలేదు. అది నాలోంచి నన్ను నొక్కే ప్యాడ్లలోకి, ప్యాడ్లలోంచి బ్రేకు ఆయిలులోకి కొంచెం కొంచెంగా దారి చేసుకుంది.

ఆషాఢంలో ఒక ఉదయం. వెనుక నాలుగు అల్లం బస్తాలు, ఎడమ సీటులో నిద్రపోతున్న రత్నం. ఇంకా ఏడు మలుపులు ఉన్నాయనగా ఆయిలు మరిగి బుడగలు కట్టింది; బుడగ నలుగుతుంది గాని కాలి ఒత్తిడిని చక్రానికి చేర్చదు. లోవరాజు కాలు కింద పెడల్ నేలదాకా దిగిపోయింది. కాలు జారిందనుకుని మళ్ళీ తొక్కాడు. తాళం తిప్పాడు, ఇంజను లేచింది గాని ఆ వేగంలో గేరు పడలేదు, పళ్ళు కొరికింది. చేతిబ్రేకు లాగితే వెనుక చక్రాలు జారాయి. కుడివైపు లోయ, ఎడమవైపు కొండ. ఎవరైనా ఎటు తిప్పుతారో ఆయనా అటే తిప్పాడు. ఆమె కూర్చున్నదీ ఎడమవైపే.

రత్నం నిద్ర లేవలేదు.

పెద్దకార్యం నాడు ఆమె తమ్ముడు అప్పలస్వామి ఆ ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. అతనూ అదే ఘాటు మీద జీపు తోలుతాడు. "మా అప్పని సంపింది బ్రేకులు కావు. నీ జాలి," అన్నాడు పదిమందిలో. అది నిజం. అందుకే లోవరాజు దాన్ని మోయలేకపోయాడు. తిండి మానేశాడు. చివరికి ఒక్కటే అడగసాగాడు: డిస్కులు పగిలాయా, లేదా? పగిలి ఉంటే తప్పు ఇనుముది, తనది కాదు. నలిగిన కారు జిలానీ షెడ్డులోనే ఉంది. బావామరుదులిద్దరూ చూడటానికి వస్తామని కబురు పంపారు.

జిలానీ నన్ను విప్పి, తుడిచి, కొలత పరికరంతో మందం కొలిచి, వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. వేడికి నీలంగా మారిన చారలు తప్ప నాలో లోపం లేదు. ఆయనకు అంతా అర్థమైంది. కొంతసేపు నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బావామరుదులిద్దరూ ఎడం ఎడంగా నడుస్తూ రోడ్డు దాటడం కనిపించాక, లేచి, సమ్మెట తీసి నా అంచు మీద ఒక్క దెబ్బ కొట్టాడు. పోత ఇనుము వంగదు, పగులుతుంది. పగులు తాజాగా మెరవకుండా నల్లటి ఆయిలు రుద్దాడు.

"ఇదిగో నాయుడన్నా. పగిలిపోయింది. ఇనుములోనే లోపం. నేను సరిగ్గా సూడకుండా ఏసేను. తప్పు నాది."

లోవరాజు ఆ పగులు వెంట వేలు పోనిచ్చాడు. రెండోసారి, మూడోసారి. తరువాత నేల మీద చతికిలబడి, నెల రోజులుగా రాని ఏడుపు ఏడ్చాడు. అప్పలస్వామి వచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు.

"నోరు జారేను బావా. మనసులో ఎట్టుకోకు."

నా బతుకులో మనుషులు నా ముందు ఒకరినొకరు క్షమించుకున్నది ఆ ఒక్కసారే. దానికి ఆధారం అబద్ధం, ఆ అబద్ధం నా ఒంటి మీద ఉంది.

జిలానీ ఆలోచించింది ఒక్క మనిషి గురించే, లోవరాజు గురించే. అక్క పోయిన నాటి నుంచి అప్పలస్వామి జీపు గేరులో గొణుక్కుంటూ దిగడం షెడ్డు దాకా వినిపించేది. భయం అతనికి ఆ మాత్రం నేర్పింది. నా పగులు చూశాక అతనికి, భయపడవలసింది ఇనుముకే గాని అలవాటుకు కాదని తేలిపోయింది.

నన్ను తుక్కు కుప్ప మీద, రోడ్డు వైపుకే వేశారు. పది రోజుల తరువాత, పట్టపగలు, పైమలుపులో ఒక జీపు ఇంజను ఆగిపోయింది. ఆ తరువాత టైర్ల సరసర తప్ప చప్పుడు లేదు. జిలానీ స్పానరు వదిలి రోడ్డు మీదకు పరుగెత్తాడు.

"అప్పలస్వామీ! గేరులో దించు!"

"నా డిస్కులు కొత్తవి లే జిలానీ! నీ పాత ఇనుము కాదు!" నవ్వుతూ చెయ్యి ఊపాడు. వెనుక సీట్లలో ఎనిమిదిమంది జనం.

జిలానీ నోరు తెరిచాడు. లోపం ఇనుముది కాదన్న ఆ రెండో మాట చెప్పాలంటే రత్నం ఎలా పోయిందో చెప్పాలి. అది చెబితే లోవరాజు బతకడు. ఆయన నోరు మూసుకుని, జీపు కింది మలుపు తిరిగేదాకా రోడ్డు మధ్యన అలాగే నిలబడ్డాడు. మర్నాడూ నిలబడ్డాడు. రోజూ ఆ వేళకు ఆ జీపు కోసం నిలబడుతున్నాడు.