మబ్బుల మేడం

ఆమె బీన్స్ తరుగుతుంటే ఆయన లాప్‌టాప్ తెచ్చి స్టవ్ పక్కన గిన్నెల మధ్య పెట్టాడు. "కాస్త చూసి పెట్టు. ఇది మబ్బా, నీళ్లా?"

ఆమె చేతులు తుడుచుకుని చూసింది. "మబ్బే. ఎడమ పక్కదంతా తీసేయండి."

"అదే అనుకున్నా," అన్నాడు ఆయన. ఆయన ఎప్పుడూ అదే అనుకుంటాడు, ఆమె చెప్పిన తరువాత.

మొగుడూ పెళ్లాలిద్దరిదీ ఒకే ఆఫీసు. ఒకే రోజు చేరారు. ఉపగ్రహాలు పంపే చిత్రాల్లో సముద్రం ఎక్కడ వెచ్చగా ఉందో, ఎక్కడ చల్లగా ఉందో చూసి, ఆ రెండు నీళ్లూ కలిసే చోట చేపలుంటాయని పడవలవాళ్లకు రోజూ నాలుగింటికి పటం పంపుతారు. చిక్కల్లా ఒకటే. పైనుంచి చూస్తే పల్చటి మబ్బు కూడా చల్లటి నీళ్లలాగే కనిపిస్తుంది. దట్టమైన మబ్బును కంప్యూటరే పట్టేస్తుంది కానీ అంచుల దగ్గర బోల్తా పడుతుంది. ఆ అంచులను కంటితో పట్టుకుని చెరిపెయ్యడం ఆమె పని. పద్దెనిమిదేళ్లుగా అదే పని. అందుకే ఆఫీసులో ఆమెను మబ్బుల మేడం అంటారు. ముద్దుగానే అంటారు. ముద్దుపేరు ఆమెకు పెట్టి, ప్రమోషన్ మాత్రం ఆయనకిచ్చారు.

"అన్నట్టు, వచ్చే వారం ఓడ మీదికి కొత్తమ్మాయిని తీసుకెళ్తున్నా," అన్నాడు ఆయన లాప్‌టాప్ మూస్తూ. "చురుకైన పిల్ల. ఇంట్లో బాధ్యతలూ లేవు."

ఆమె మళ్లీ కత్తి అందుకుంది. బీన్స్ పొడి పొడి అయిపోయాయి.

ఏటా ఒక ఓడ పది రోజులు సముద్రంలోకి వెళ్తుంది. ఉపగ్రహం నెత్తి మీదుగా పోయే ఆ కాసేపట్లోనే నీళ్లను తోడి, వేడి కొలిచి, పైనుంచి చూసింది నిజమో కాదో తేల్చుకుంటారు. ఆమె విభాగం నుంచి ఇద్దరికి చోటుంటుంది. ఒకటి ఆయనది, ఆరేళ్లుగా. రెండోది ఏటా ఎవరో ఒకరిది. ఆమెది మాత్రం ఎప్పుడూ కాలేదు. మొదట్లో పిల్ల చిన్నదన్నారు. తరువాత పిల్లకు పరీక్షలన్నారు. పిల్ల హాస్టల్‌కి వెళ్లిపోయాక అత్తగారికి మోకాళ్ల నొప్పులన్నారు. "నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదమ్మా," అంటుంది అత్తగారు. ఆ మాట మెచ్చుకోలో, తాళమో ఆమెకు ఇప్పటికీ తేలలేదు.

ఆఫీసులో టీ దగ్గర స్టోర్స్ చూసే ఆవిడ మోచేత్తో పొడిచింది. "పది రోజులు, నడి సముద్రం, పక్కన పాతికేళ్ల పిల్ల. ఓ కన్నేసి ఉంచండి మేడం."

అందరూ అంటున్నారు కదా అని ఆమె ఆ రకం అసూయ పడి చూద్దామని నిజాయితీగానే ప్రయత్నించింది. కుదరలేదు. ఆయన ఓడెక్కిన గంటకల్లా వాంతులు మొదలుపెట్టే మనిషి. ఆ అవతారంలో ఆయన్ను చూసి మోహపడేటంత పిచ్చిది కాదు ఆ పిల్ల. కానీ ఆ పిల్ల బల్ల కింద పెట్టెలో కొత్త బూట్లున్నాయి. తడి చెక్క మీద జారకుండా అడుగున గట్టి రబ్బరు వేసిన బూట్లు. వాటిని చూడగానే ఆమె కడుపు భగ్గుమంది. ఆ పిల్ల మెడలో నగ ఉన్నా, చేతిలో తన మొగుడి చెయ్యే ఉన్నా అంత మండేది కాదేమో. తను ఏ నెలలో ఏ నీరు ఏ దిక్కుకు పోతుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. ఆ నీటిలో ఇంతవరకూ వేలు ముంచలేదు. నిన్నగాక మొన్న వచ్చిన ఈ పిల్ల బూట్లేసుకుని దాని నడిమధ్య నిలబడుతుంది. జారి పడితే బాగుండునని అనుకుంది ఆమె. అనుకున్నందుకు సిగ్గు కూడా పడలేదు.

మూడున్నరకు కొత్తమ్మాయి సొంతంగా చేసిన మొదటి పటం తెర మీదికి వచ్చింది. కింద ఆయన సంతకం. ఆమె కన్ను దక్షిణపు మూల ఆగిపోయింది. అక్కడ పొడుగ్గా చల్లటి నీళ్ల పాయ, దాని వెంట చేపలున్నాయని గీత. నిన్నటి చిత్రం తీసి పక్కన పెట్టింది. నీళ్లు ఒక్క రోజులో అంత దూరం జరగవు. అది మబ్బు అంచు.

ఆమెకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. రేపు పడవలు ఖాళీగా తిరిగొస్తాయి, ఫోన్లు మోగుతాయి, ఆ పిల్ల ముఖం పాలిపోతుంది, ఓడ జాబితాలోంచి పేరు ఎగిరిపోతుంది. తను చెయ్యాల్సిందల్లా ఊరుకోవడమే. పది నిమిషాలు ఊరుకుంది. అంతసేపూ ఆ గీత మీద మబ్బు అలాగే ఉంది. దాన్ని చెరపకుండా కూర్చోవడం ఆమె చేతులకు అలవాటు లేదు. విసుక్కుంటూ లేచింది.

"ఇది నీరు కాదమ్మాయ్, మబ్బు," అంది నిన్నటి చిత్రం చూపించి.

కొత్తమ్మాయి గుండె మీద చెయ్యేసుకుంది. "అమ్మో! సార్ చూశారు కదా అక్కా, బాగుందన్నారు." గబగబా చెరిపేసి, పటం పంపించి, ఇటు తిరిగింది. "మీరు కూడా ఓడ మీదికి వస్తే ఎంత బాగుండేదో. నేను అడిగాను కూడా. మీకు సముద్రం పడదని, ఏటా మీరే వద్దంటారని సార్ చెప్పారు."

ఏటా. తనే. వద్దంది.

ఆమెను ఎవరూ ఒక్కసారి కూడా అడగలేదు.

నేరుగా డైరెక్టరు గదిలోకి వెళ్లింది. డైరెక్టరు పాత కాగితాలు తిరగేశాడు. "ఆరేళ్లూ 'సుముఖంగా లేరు' అని మీవారే రాసిచ్చారమ్మా. మీ ఇద్దరూ అనుకునే రాశారనుకున్నాను."

"నేను అనుకోలేదు సార్. ఈసారి నేను వెళ్తాను. కొత్తమ్మాయి చోటులో కాదు, ఆయన చోటులో. ఉపగ్రహం వచ్చే వేళకు పైన ఉన్నది మబ్బో కాదో చూసి చెప్పగలిగే మనిషి ఓడ మీద ఒకరైనా ఉండాలి కదా."

డైరెక్టరు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. తరువాత పెన్ను తీశాడు.

సాయంత్రం ఆయన చెప్పులు కూడా విడవకుండా హాల్లోకి వచ్చాడు. "నా పేరు తీయించేశావట? పది రోజులు అమ్మను ఎవరు చూస్తారు?"

"మీరు. మందుల చీటీ ఫ్రిజ్ మీద అంటించాను."

అత్తగారు టీవీ గొంతు తగ్గించింది.

ఆయన ఆమెను ఎగాదిగా చూసి నవ్వాడు. "ఓహో, అదా సంగతి! ఆ పిల్లతో వెళ్తున్నానని అసూయా? ఈ వయసులోనా? వింటే నలుగురూ నవ్విపోతారు."

"అసూయేనండీ," అంది ఆమె. "ఆ పిల్లనెందుకు మధ్యలో లాగుతారు? పద్దెనిమిదేళ్లుగా నేను కుళ్లుకుంటున్నది మిమ్మల్ని చూసి."