చక్రం ఊడింది నాయనా

మా పెద్దమ్మ సూట్‌కేసులకు చక్రాలు వేస్తుంది. బస్టాండు ఎదురుగా కొట్టు ఉన్నన్నాళ్ళూ ఆవిడకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ వరసంతా పడగొట్టి, తలా ఒక గది కొత్త కాంప్లెక్సులో ఇచ్చారు. చీటీలు తీస్తే పెద్దమ్మకు నాలుగో అంతస్తు వచ్చింది. లిఫ్టు కోసం గొయ్యి ఉంది, లిఫ్టు లేదు.

"చక్రం ఊడిన పెట్టెను నాలుగంతస్తులు మోసుకొచ్చే బలం ఉన్నవాడికి చక్రంతో పనేంటే?" అన్నాడు పెదనాన్న. ఆయన బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. అందరం నవ్వాం.

ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. కాంప్లెక్సు సెక్రటరీ ఒక కాగితం తెచ్చి గోడకు అంటించాడు. నెలాఖరులోగా పది మంది రాని గదిని వెనక్కి తీసుకుని అందులో పాత కుర్చీలు పెట్టుకుంటారట. కింద వాచ్‌మన్ దగ్గర పుస్తకం ఉంది. పైకి వెళ్ళే ప్రతి మనిషినీ ఏ గదికని అడిగి, ఆ గది నంబరు పక్కన గీత గీస్తాడు. ఇంట్లోవాళ్ళకు గీత లేదు. పదకొండో తారీఖుకు మా నంబరు పక్కన ఒకే ఒక్క గీత ఉంది. అదీ పళ్ళ డాక్టరు కోసం వచ్చి దారి తప్పినాయనది.

"ముప్ఫై ఏళ్ళు చక్రాలు తిప్పిన చేతులు. వీటిని ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూచోలేనే పిల్లా," అంది పెద్దమ్మ నాతో.

అప్పటికి నేను కొట్టుకు ఒక వెబ్‌సైట్ చేసిపెట్టాను. మా ఊరి బడిలో నలభై మందికి ఒకటే కంప్యూటరు. అక్కడ నేను బాగా నేర్చుకున్నది నా వంతు వచ్చేదాకా చూస్తూ కూచోవడం. కానీ మా వెబ్‌సైట్ వంతు ఎప్పటికీ వచ్చేలా లేదు. చక్రాల రిపేరు అని వెతికితే తొమ్మిదో పేజీలో, ఎద్దుబండి చక్రాల కింద ఉన్నాం.

జనం ఏ మాటలతో వెతుకుతున్నారో తెలిస్తే ఆ మాటలు మన పేజీలో పెట్టుకోవచ్చు, అది చెప్పే ఎస్ఈఓ టూల్స్ ఉంటాయి అన్నాను. వాటి నెల చందా చదివి వినిపించాను.

"ఆ డబ్బు పెడితే లిఫ్టే వస్తుంది," అంది పెద్దమ్మ.

మూడు రోజులు గాలించి ఒక చవక టూల్ పట్టుకున్నాను. ఫోనుకు రోజుకు మూడు ప్రశ్నలు ఉచితం. నాలుగోది అడిగితే కార్డు నంబరు అడుగుతుంది.

"మూడేనా? మన ఇంట్లో ఎన్ని ఫోన్లున్నాయి?" అన్నాడు పెదనాన్న. ఆయన కళ్ళు అలా మెరవడం రిటైరయ్యాక అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున ఏడింటికి అమ్మమ్మ, మామయ్య, అత్తయ్య, వాళ్ళ ఇద్దరు కూతుళ్ళు, మేం ముగ్గురం హాల్లో వరసగా నిలబడ్డాం. మొత్తం ఎనిమిది ఫోన్లు. పెదనాన్న పాత టిక్కెట్టు పుస్తకం, చిల్లు పొడిచే పంచ్ తీశాడు. మనిషికి మూడు టిక్కెట్లు. ప్రశ్న అడగ్గానే టిక్కెట్టుకు చిల్లు.

"ముందుకు జరగండి, ముందుకు జరగండి!"

"బావా, ఇది మీ ఇంటి హాలు, బస్సు కాదు," అన్నాడు మామయ్య.

"టిక్కెట్టు లేకుండా మాట్లాడకూడదు," అన్నాడు పెదనాన్న.

అమ్మమ్మకు టైపు చేయడం రాదు. మైకు బొమ్మ నొక్కి ఇస్తే, ఫోనును చెవి దగ్గర పెట్టుకుని, "చక్రం ఊడింది నాయనా, ఎవరు బాగుచేస్తారు? నువ్వు అన్నం తిన్నావా?" అని అడిగేది. ఆవిడ ఒక్కతే కాదు, రెండో రోజు నుంచి అందరూ అలాగే అడగడం మొదలుపెట్టారు. అడగందే అమ్మయినా పెట్టదు, మర్యాదగా అడిగితే మెషినయినా పెడుతుందని అత్తయ్య నమ్మకం.

వారం తిరిగేసరికి టూల్ ఒక రిపోర్టు పంపింది. మీ చుట్టుపక్కల వాళ్ళు ఎక్కువగా అడుగుతున్న మాట: చక్రం ఊడింది నాయనా. పక్కన పైకి చూపే పచ్చ బాణం.

ఇల్లంతా పండగ చేసుకుంది. "చూశావా, ఊళ్ళో ఎంతమందికి ఊడిపోయాయో!" అంది పెద్దమ్మ. నేను ఆ మాటను వెబ్‌సైట్ పైన పెద్ద అక్షరాల్లో పెట్టాను. రెండు రోజుల్లో ఆ మాటకు మేమే మొదటి పేజీలో మొదటి వరస.

అయినా ఒక్కరూ రాలేదు.

నేను రిపోర్టు ముందు కూచుని అంకెలు చూశాను. రోజుకు ఇరవై నాలుగు సార్లు అడిగారు. బుధవారం మాత్రం ఇరవై ఒక్కసారి. బుధవారం మామయ్య ఫోను బకెట్లో పడింది. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. మా కేక మేమే విని, ఊరంతా పిలుస్తోందని మురిసిపోయాం. చెబుదామని హాల్లోకి వెళ్ళాను. పెద్దమ్మ రాబోయే జనం కోసం చక్రాలకు నూనె పెట్టి వరసగా పేరుస్తోంది. చెప్పలేకపోయాను.

ఇరవై ఆరో తారీఖున మా కాంప్లెక్సు ఎదుటి బ్యాగుల షోరూముకు కొత్త బోర్డు ఎక్కింది. పన్నెండు అడుగులు ఉంటుంది. చక్రం ఊడిందా నాయనా? లోపలికి రండి! వాళ్ళు అదే టూల్‌ను డబ్బు కట్టి వాడుతున్నారట. అదే పచ్చ బాణం చూశారు.

"మన నాయనను ఎత్తుకుపోయారే!" అంది అమ్మమ్మ.

"టిక్కెట్టు లేని ప్రయాణం," అని పెదనాన్న పళ్ళు నూరాడు. పెద్దమ్మ పేర్చిన చక్రాలను ఒక్కొక్కటే డబ్బాలో వేయసాగింది. అప్పుడు చెప్పేశాను, ఆ ఇరవై నాలుగు సార్లూ అడిగింది మనమేనని. "పోనీలే. ఇంట్లోవాళ్ళయినా నా కోసం వెతికారు," అంది పెద్దమ్మ.

కానీ పన్నెండు అడుగుల బోర్డు అందరికీ కనిపిస్తుంది. బస్సు దిగినవాళ్ళు నిజంగానే ఊడిన చక్రాలతో ఈడ్చుకుంటూ వెళ్ళి షోరూములో పెట్టెలు ఇచ్చి వచ్చారు. నేను కిటికీలోంచి రోజంతా చూస్తూనే ఉన్నాను. లోపలికి వెళ్ళిన పెట్టె ఒక్కటీ బయటకు రాలేదు.

ముప్ఫయ్యో తారీఖున, గడువు చివరి రోజని ఇంటిల్లిపాదీ గదిలోనే ఉన్నాం. మధ్యాహ్నం టై కట్టుకున్న ఒకాయన రొప్పుతూ మా గుమ్మంలోకి వచ్చాడు. షోరూము మేనేజరు. చేతిలో ఒక పెట్టె.

"మా దగ్గర అమ్మడం తెలిసినవాళ్ళే గానీ చక్రం వేయడం తెలిసినవాళ్ళు లేరండి. ఎవరు వేస్తారా అని ఫోనులో ఆ మాటే కొట్టి వెతికా. మొదట మీరే వచ్చారు," అన్నాడు. ఇంకా ఎనిమిది కింద ఉన్నాయట. ఇద్దరు మనుషులతో ఒక్కసారే పైకి తెప్పిస్తానన్నాడు.

పెద్దమ్మ అప్పటికే స్క్రూ డ్రైవరు అందుకుంది. పెదనాన్న కుర్చీలోంచి లేచి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"మీ మనుషులతో కుదరదండీ. పెట్టెలకు పూచీ మీదే. మనిషికి ఒకటే లగేజి."

"అంటే?"

"మీరే దిగి, ఒక్కొక్కటే తీసుకురావాలి. రూలు."

"ఎవరి రూలండీ?"

పెదనాన్న జేబులోంచి టిక్కెట్టు పుస్తకం తీసి ఒకటి చింపి, చిల్లు పొడిచి ఆయన చేతిలో పెట్టాడు. మేనేజరు దిగాడు, ఎక్కాడు. కింద ప్రతిసారీ వాచ్‌మన్ ఏ గదికని అడిగి గీత గీశాడు. అయిదో సారికి టై జేబులోకి వెళ్ళింది. ఏడో సారికి బూట్లు చేతిలోకి వచ్చాయి. తొమ్మిదోసారి ఆయన గుమ్మంలోనే పెట్టె మీద కూలబడితే అత్తయ్య మంచినీళ్ళు ఇచ్చింది.

ఆ తొమ్మిది గీతలూ, పళ్ళ డాక్టరు కోసం వచ్చినాయనదీ కలిపి పది. సెక్రటరీ వచ్చి రెండుసార్లు లెక్కపెట్టుకుని, గోడ మీది కాగితం చింపుకుని వెళ్ళాడు.

పెద్దమ్మ తల ఎత్తలేదు. ఒక చక్రం బిగించి వేలితో తిప్పి, అది ఆగేదాకా చెవి పెట్టి వింది.

అమ్మమ్మ మాత్రం ఫోను అందుకుని మైకు బొమ్మ నొక్కమంది.

"దొరికింది నాయనా. ఇక వెతక్కు. వెళ్ళి అన్నం తిను," అంది దానితో.

ఈరోజుకు మీ మూడు ప్రశ్నలూ అయిపోయాయి, కార్డు నంబరు ఇవ్వండి అని వచ్చింది. పెదనాన్న అమ్మమ్మకు ఇంకో టిక్కెట్టు చింపి ఇచ్చాడు.