బంగారి చేపితేనే హాలెండు

ఎనభై మూడులో మా పాల సంఘం నుంచి ఇద్దరిని హాలెండు, స్విట్జర్లాండు చూసి రావడానికి పంపుతామన్నారు. ఖర్చంతా అక్కడి పాల సంఘాలదే. ఇద్దరిలో ఒకరు ఆడమనిషి కావాలని వాళ్ల షరతు. సెక్రటరీ ప్రకాశం ఈ మాట చెప్పగానే మా జహనుమా బస్తీ ఆడవాళ్లంతా కొంగు నోట్లో కుక్కుకున్నారు. నేను చెయ్యెత్తాను. నా నోరు ఎంత దురుసో నా చెయ్యీ అంతే.

"ఆండాలక్కా, అన్నను అడగవా?" అన్నాడు ప్రకాశం.

"అడుగుత. చెయ్యి దించినంక అడుగుత."

మా ఆయన ఈశ్వరయ్య కాదనే మనిషి కాడు, ఔననే మనిషీ కాడు. పాల క్యాన్లు సైకిల్‌కు కట్టుకొని చార్మినార్ హోటళ్లకు పోసి రావడం ఆయన పని. పిండడం, తిట్టడం నా పని. సంగతి చెబితే "పోతే పో" అన్నాడు. అది సంతోషమో విసుగో ఇన్నేండ్ల కాపురంలో నాకు ఎప్పుడూ తేలదు.

మరునాడు ప్రకాశం మా అరుగు మీద పటం పరిచాడు.

"ఉగాది దాటినంక బయలెల్లుడు. ముందుగాల హాలెండు. మస్తు పూలు, పొలాల నడుమ కాలువలు. చలికాలమంత కొట్టంల కట్టేసిన ఆవులను గప్పుడే ఇడుస్తరట అక్కా. తలుపు తీసుడే ఆలస్యం, ఎగిరి దుంకుతయట. ఊరంత నిలబడి చూస్తదట. ఆ తర్వాత రైలెక్కి స్విట్జర్లాండు. మంచు కరిగి గడ్డి మొలిచిన కొండల మీదికి మెడల గంటలు కట్టి తోలుతరట."

పూలు సరే, కొండలు సరే. తలుపు తీయగానే దుంకే ఆవును నేను చూడాలి. ఎందుకో చెప్పలేను గానీ, ఆ మాట విన్న పూట అన్నం సయించలేదు. ఎండలు ముదురుతుంటే పోయి స్వెట్టర్ బేరమాడాను. "అమ్మా, ఈ గర్మీల స్వెట్టరా? తబియత్ ఠీక్ హై నా?" అని దుకాణం భాయ్ నవ్వాడు. మామిడికాయ తొక్కు జాడీ కూడా సిద్ధం చేసుకున్నాను. తెల్లవాళ్ల తిండి మీద నాకు నమ్మకం లేదు.

అన్నీ కుదిరాయి, మా బర్రె బంగారి తప్ప. మిగతా బర్రెలు ఎవరు కూర్చున్నా పాలిస్తాయి. బంగారి మాత్రం దూడ చచ్చిపోయినప్పటి నుంచి నా చెయ్యి తగిలితే తప్ప చేపదు; పాలు పొదుగులోనే బిగబట్టుకుంటుంది. రెండు పూటలు అట్లా ఉంటే పొదుగు వాచి జ్వరమొస్తుంది. బంగారి ఆయనకు చేపితే నేను విమానం ఎక్కుతాను, లేకపోతే నా స్వెట్టర్ ఎలుకలకే.

పిండే మనిషి ఊరికి పోతే ఆమె చీరె చుట్టుకుని పిండడం మా పాలోళ్లలో ఉన్నదే. వాసనకు బర్రె మోసపోతుంది. ప్రయాణం దగ్గర పడుతుండగా ఒక పొద్దున ఆయనకు నా చీరె ఇచ్చాను. బజారున పోయే పదిమందీ చూస్తారని ఉతికి మడత పెట్టిందే ఇచ్చాను. బంగారి ఒక్క తన్ను తన్నింది. బకెట్ వాకిట్లో పడింది.

మా అత్త బుచ్చమ్మ నెత్తి కొట్టుకుంది. "సబ్బు వాసనకు బర్రె చేపుతదానే? నీ పేడ చీరె ఇయ్యి!"

సాయంత్రం ఆయన పేడ చీరె చుట్టుకుని, నెత్తి మీద కొంగు కప్పుకుని కూర్చున్నాడు. ఈసారి బంగారి తన్నలేదు గానీ చెవులు రిక్కించి అటూ ఇటూ చూసింది. చుక్క రాలలేదు.

"దానికి నీ గొంతు గావాలె. నువ్వు అవతలికి పో," అన్నాడు ఆయన.

అవతలికి పోయి గోడ చాటున నిలబడ్డాను. లోపల ఆయన గొంతు నాలా సన్నగా చేసుకుని మొదలుపెట్టాడు.

"నిలబడవే బంగారీ. నీకేం ఫికరే, గా మనిషితోటి యేగేది నేను. పొద్దెక్కేదాంక మంచం దిగడు. చాయల చక్కెర తక్కువైతే గల్లీ దాంక లొల్లి. బీడీ నిప్పుకు రెండు దుప్పట్లు కాల్చిండు."

అవన్నీ ఆయన మీద నేను పిండుతూ రోజూ బర్రెతో చెప్పుకునే మాటలు. ఒక్కటీ పొల్లు పోలేదు. ఆయన ఇంకో మాట అందుకున్నాడు.

"లగ్గమైనకాన్నుంచి నన్ను యాడికన్న తోల్కపోయిండానే? నిన్ను గుంజకు కట్టేసిండు, నన్ను నీకు కట్టేసిండు."

బకెట్‌లో సర్రుమని ధార పడింది. తర్వాత రెండో ధార. ఆగకుండా పడుతూనే ఉంది.

నేను లోపలికి పోయాను. సంతోషమో సిగ్గో, కండ్ల నిండా నీళ్లు.

"ఇవన్ని నువ్వు ఎప్పుడిన్నవ్?"

"మంచం కొట్టం గోడకే ఉన్నది గదా. నిద్రపోయిన అనుకుంటవ్ నువ్వు." నురగతో నిండిన బకెట్ పక్కకు జరిపి, కొంగుతోనే నుదుటి చెమట తుడుచుకున్నాడు. "గని ఒక తక్లీఫ్ ఉన్నది. నువ్వు ఇమానం ఎక్కినంక 'కట్టేసిండు' అన్న గా ఆఖరు మాట చెల్లది. బంగారి పసిగడ్తది. పోయేముందు నా తప్పు ఇంకోటి నేర్పిపో."

నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆలోచించాను. ఆ మనిషిలో తప్పులకు కొదవ లేదు. కానీ ఆ పూట ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు.