తాడు పట్టే మనిషి

అమ్రాబాద్ పైన అడవిలో ఉన్న ఆ చెంచుపెంటకు, అంటే చెంచుల గూడేనికి, నర్సు గ్రేస్ ఒక్క పని మీదే వచ్చింది. మనసు కుంగినవాళ్లను గుర్తుపట్టడానికి పట్నం డాక్టర్లు అడిగే ప్రశ్నలను చెంచులకు అర్థమయ్యేలా మార్చాలి. పై ఉద్యోగి శ్రీవాణి "గత రెండు వారాలుగా" అని రాసిస్తే, గ్రేస్ దాన్ని "పోయిన సంత కాన్నుంచి" అని మార్చింది. "భవిష్యత్తుపై ఆశ" అన్నచోట ఏం పెట్టాలో మాత్రం ఇంకా తోచలేదు.

గుర్వయ్య గుడిసె ముందు కూర్చుని అడిగింది.

"అన్నా, పోయిన సంత కాన్నుంచి తిండి సయిస్తలేదా?"

"అట్లేం లేదు."

"నిద్ర చెడిందా?"

"లేదు."

"బతుకు మీద ఇసుగొచ్చిందా?"

"లేదమ్మా."

కాగితంతో వచ్చేవాళ్లకు ఆ పెంటలో అందరూ చెప్పే జవాబది. ఫారెస్టోళ్లు కట్టె కొట్టినవా అంటే లేదు, ఉచ్చు పెట్టినవా అంటే లేదు. గ్రేస్‌కు ఆ సంగతి తెలుసు. కానీ ఇతను పోయిన వానకాలం జరమొచ్చిన కొడుకును భుజాన వేసుకుని రోడ్డుకు నడిచినవాడు. రోడ్డు రాకముందే పిల్లవాడు ఆ భుజం మీదే చల్లబడిపోయాడు. అలాంటి మనిషి అన్నిటికీ లేదంటుంటే ఆమెకు భయమేసింది.

"మార్కులు సున్నా వస్తే దవాఖానకు రాసియ్యలేం గ్రేస్. వేరేవాళ్లను అడుగు" అంది ఫోన్‌లో శ్రీవాణి.

గుడిసె పక్కన గుర్వయ్య భార్య సుక్కమ్మ, ఆమె తమ్ముడు పరశురాం నారతాడును గుంజి గుంజి చూస్తున్నారు. మర్నాడు గుర్వయ్య కొండచరియకు వేలాడి తేనె తియ్యాలి.

"నేను గూడ రావొచ్చా?" అంది గ్రేస్.

"రా సిస్టరమ్మా. సూది ఎట్లెయ్యాల్నో తేనెటీగలు నేర్పుతయి" అన్నాడు పరశురాం.

"పైన తాడు పట్టేది నువ్వేనా?"

"బామ్మర్దే పట్టాలె మరి. సొంత తమ్ముడైతే వదిన మీద కన్నేసి ఇడిచినా ఇడుస్తడు. నేనైతే మా అక్క ముండమొయ్యకుండ సూస్త." నవ్వబోయి ఆగాడు. "ఈసారి బావ నన్ను రావద్దన్నడు. తన తమ్మున్ని తోల్కపోతడట."

సుక్కమ్మ చేతిలో తాడు జారింది. "ఎవన్ని? మొన్న గొడ్డలెత్తి మీదికొచ్చినోన్నా?"

గ్రేస్ కాగితాలు అక్కడే వదిలి గుర్వయ్య దగ్గరికి వెళ్లింది.

"అన్నా, రేపు తాడు ఎవరు పట్టాలె?"

గుర్వయ్య మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "ఎవరు పట్టినా ఏంది బిడ్డా. ఇడిస్తే ఇడిసిరి."

గ్రేస్ మళ్లీ ఫోన్ చేసి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది. శ్రీవాణి, "సున్నా సంగతి నేను చూసుకుంట. ఆయన్ను ఒంటరిగ వదలకు, దవాఖానకు తీసుకురా" అంది. గుర్వయ్య మాత్రం తేనె తీసేదాకా ఎక్కడికీ రానన్నాడు.

తెల్లవారగానే కొండ మీద అందరికంటే ముందు పోయి కూర్చున్నవాడు పరశురాం. గుర్వయ్య తమ్ముడు వచ్చి, అతన్ని చూసి, తుపుక్కున ఉమ్మి వెనక్కి తిరిగాడు. గుర్వయ్య ఇద్దరి వంకా చూడలేదు. నడుముకు తాడు కట్టుకుని, పొగకట్ట, డబ్బా పట్టుకుని చరియ కిందికి దిగాడు. పైన పరశురాం వెనక గ్రేస్ నిలబడింది.

పని అయ్యాక గుర్వయ్య కింది నుంచి తాడు గుంజితే పైనున్నవాళ్లు లాగాలి. ఎంతకీ గుంజలేదు.

"బావా! గుంజు! అక్క అంబలి కాస్తాంది, నువ్వు రాకుంటే నేనే తాగుత!"

ఈగల రొద తప్ప ఏమీ వినిపించలేదు. పరశురాం కాళ్లు బండకు తన్ని పట్టి తాడు లాగాడు. అతని అరచేతులు చిట్లాయి. గ్రేస్ వెనక నుంచి తాడు అందుకుంది. ఇద్దరూ కలిసి పైకి లాగసాగారు.

గుర్వయ్య వచ్చాడు. డబ్బా ఖాళీగా ఉంది. ముఖం, మెడ ఉబ్బిపోయాయి. కుడుతున్న ఈగలను చేత్తో విదిలించుకున్న జాడ కూడా లేదు.

"ఎందుకు పట్టినవ్‌రా" అన్నాడు.

పరశురాం బావ ముఖంలో దిగిన ముళ్లను గోటితో ఒక్కొక్కటే పీకుతూ కూర్చున్నాడు. అతని చేతి రక్తం గుర్వయ్య చెంపకు అంటుతోంది.

"దవాఖానకు పోదామన్నా" అంది గ్రేస్.

గుర్వయ్య లేచాడు, లేపితే లేచినట్టు. నడుముకున్న తాడు అతను విప్పుకోలేదు. దాని రెండో కొసను పరశురాం తన చేతికి చుట్టుకుని ముందు నడిచాడు.