అత్తకు ఇచ్చిన ఏడో పుస్తకం

మధ్యాహ్నం అంగన్‌వాడీ నుంచి ఇంటికి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. అత్త లేదు. పొద్దున మూతపెట్టి పోయిన అన్నం అట్లాగే ఉంది. పెరట్లోకి వెళ్లి పిలిచాను, జవాబు లేదు. ఇంకెవరైనా అయితే పక్కింటికి పోయిందిలే అనుకోవచ్చు. మా అత్త బిక్షమ్మ అట్లా పోయే మనిషి కాదు. నిరుడు వీరేశం మామ చేన్లో మంచె మీద కాపలా ఉండి గుండె ఆగి పోయినప్పటి నుంచి, ఆదివారం చర్చికి తప్ప గడప దాటలేదు.

గూట్లో చూశాను. ఏడో పుస్తకం లేదు.

ఆ పుస్తకాలు మామవి. క్రిస్మస్‌కు ఇంటికి సున్నం వేస్తూ మంచం కింది రేకుపెట్టె లాగితే దొరికాయి. జమేదార్ యాకూబ్ అని ఒక ముసలి పోలీసు, చిన్న ఊరు, పుస్తకానికో హత్య. మొదటిది తెరిచి కూర్చుంటే పొయ్యి మీద పప్పు మాడింది, అంత బాగుంటాయి. నాకేదైనా నచ్చితే ఎదుటివాళ్ల గొంతులో కుక్కేదాకా ఊరుకోను. మా ఆయన డానియల్ నన్ను తిట్టేది అందుకే. అత్త వెంట పడ్డాను.

"బైబిల్ సదువుతవు గదా అత్తా, గిది గూడ సదువు. జర మనసు మళ్లుతది."

బైబిల్‌తోనే అక్షరాలు నేర్చుకున్న మనిషి, కూడబలుక్కుంటూ పైకే చదువుతుంది. రెండో పుస్తకానికి నాతో నాలుగు మాటలు మాట్లాడింది. నాలుగోదానికి "గా కంపౌండర్ మీదనే నాకు అనుమానం" అంది. నా సంబరం చెప్పలేను.

ఏడో పుస్తకంలో మొగుడు పోయిన ఒక ముసలామె బావిలో పడుతుంది. ఆ సంగతి తెలిసీ, అన్నిట్లోకి ఇదే బాగుంటదని పొగిడి నిన్న ఆమె చేతిలో పెట్టాను. నా తెలివి తగలెయ్య.

ఎదురింటి పుష్పమ్మను అడిగాను.

"మీ అత్తనా? చేను దిక్కు పోతుంటే జూసిన. పిలిస్తే గూడ పలుకలే" అంది.

చేను పక్కనే గట్టు లేని పాత బావి ఉంది. డానియల్‌కు ఫోన్ చేశాను. కల్వకుర్తి తొవ్వలో ఆటో నడుపుతున్నాడేమో, ఎత్తలేదు. పరుగెత్తాను. చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలియదు. "యేసయ్యా, యేసయ్యా" తప్ప నోట మరో మాట రాలేదు.

బావి పక్కన చీర కనిపించింది. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. పొద్దున అత్త కట్టుకున్నది అదే. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బావిలోకి తొంగి చూసే ధైర్యం లేక చీర పట్టుకుని లాగాను. రాలేదు. రెండు చివర్లూ కట్టెలకు బిగించి ఉన్నాయి. అడవి పందులు పల్లీలో పడకుండా ఇక్కడ చేను చుట్టూ పాత చీరలు కడతారు. ఆ చీర బతుకమ్మ పండుగకు ఊళ్లో ఇంటింటికీ సర్కారు పంచిందే. మా చేను కౌలు చేసే సైదులు తన భార్యది కట్టి ఉంటాడు. రోజూ చూసే సంగతే, భయంలో తట్టలేదు. అయినా బావి మిగిలే ఉంది. వంగి చూశాను. నీళ్లు కదలడం లేదు. అది మంచిదో చెడ్డదో నాకు అర్థం కాలేదు.

"తలుపు... తీయ... వద్దు. వాడు... నీ వెనకాలే... ఉన్నాడు."

గిర్రున వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. గొంతు పైనుంచి వస్తోంది.

మంచె మీద అత్త కూర్చుని ఉంది. ఒళ్లో పుస్తకం, పక్కన మడతపెట్టిన మామ గొంగడి. ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

"చెప్పి రావద్దా? నా పానం పోయింది గదా అత్తా!" అని నిచ్చెన ఎక్కుతూనే అరిచాను.

ఆమె పేజీ మీద నుంచి వేలు తీయలేదు. ఆ పేజీ మూలన మామ పెట్టిన మడత ఉంది.

"మీ మామ గీడిదాంకనే సదివిండు బిడ్డా. సంపిందెవరో తెల్వకుంటనే పాయె. గందుకే ఈడికొచ్చి సదువుతున్న."

"సంపిందెవరంటే, గా..." అని అలవాటుగా నోరు తెరిచాను.

అత్త చటుక్కున నా నోరు మూసింది.

"చెప్పకు. ఆయన ఇంటున్నడు."

గొంగడి కదిలించకుండా, మిగిలిన జాగాలో సర్దుకుని కూర్చున్నాను.